అతకని ముల్లు

ఆదివారం తెల్లారి ఆరు.
లింకన్‌షైర్‌లో విమానాలు మరిచిపోయిన హ్యాంగర్.
రేకుల కింద మడత బల్లలు, ఫ్లాస్కుల్లో టీ,
తడిసిన కుక్కల వాసన,
హెల్మెట్లు, బొత్తాలు, ఎవరిదో ఒంటి బూటు.

ఎనిడ్ థాక్రే నా ముందు నడుస్తోంది.
నలభై ఏళ్లు గడియారాల పొట్టలు విప్పిన చేతుల్ని
కోటు జేబుల్లో దాచుకుంది.
"బయటుంటే కొనేస్తాయి" అంటుంది.

మూడో బల్ల డెస్మండ్ పిక్కరింగ్‌ది.
వెల్వెట్ గుడ్డ మీద ఒక్కటే వాచీ.
నల్లటి ముఖం, పన్నెండు కింద సర్కారు వారి బాణం గుర్తు,
ముళ్ల మీద ముదురు తేనె రంగు.
"మా నాన్నది. నార్మండీ ఒడ్డున ఉప్పునీళ్లు తాగింది."
ఆ ఒక్క మాటకి
నా చెయ్యి నన్నడక్కుండా పర్సు మీదికి పోయింది.

ఎనిడ్ వాచీని బోర్లా తిప్పింది.
"కథ తర్వాత విందాం. వీపు చూడు."
భూతద్దం నా కంటికి ఆనించింది.
"అచ్చు దెబ్బకి దిగిన అంకె లోహాన్ని పక్కకి తోస్తుంది,
నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు.
ఇక్కడ గట్టేది? అడుగంతా మాడింది. లేజరు పని.
పైగా ఎనభై ఏళ్ల చెమట
మూత అంచులన్నీ అరగదీసి
అంకెల్ని మాత్రం ముట్టుకోలేదట.
ఎంత మర్యాద తెలిసిన చెమట!"

కోటు కప్పి చీకటి చేసింది.
టార్చి వెలిగించి ఆర్పింది.
ముళ్లు పచ్చగా వెలిగాయి. నేను మురిసిపోయాను.
"వెలిగితే ఏడవాలి, పిచ్చివాడా.
రేడియం ఇంకా బతికే ఉంటుంది,
దాన్ని వెలుగుగా మార్చే పూతే ఎప్పుడో కాలిపోయింది.
అసలైన ముసలి ముల్లు
చీకట్లో చీకటిగానే ఉంటుంది.
ఈ మరక కూడా చూడు, ముఖమంతా ఒకే రంగు.
ముసలితనం అలా సమానంగా పంచుకుంటూ రాదు.
కావాలంటే నా మోకాళ్లని అడుగు,
కుడిదొకటి చెబుతుంది, ఎడమదొకటి."

"కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నారు" అన్నాడు డెస్మండ్.
ఎనిడ్ ఏమీ అనలేదు. వాచీని గుడ్డ మీద
పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టింది.
ఆ నెమ్మదికే కాబోలు అతని గొంతు జారింది.
"నాకూ ఇదే కథ చెప్పి అమ్మారు.
నాన్న, నార్మండీ, ఉప్పునీళ్లు.
తొమ్మిది వందల పౌండ్లు.
నేనొక్క మాట కూడా కలపలేదు."

అవును, ఆ బల్ల మీద
నిజంగా చేతులు మారి అరిగింది కథ ఒక్కటే.

చివరి బల్ల దగ్గర, వర్షం కారుతున్న చోట,
అట్టపెట్టెలో చెంచాల మధ్య ఇంకొకటి.
నిమిషాల ముల్లు పొట్టి, వేరే వాచీది.
వీపు మీద ఒక నంబరు కొట్టేసి ఇంకో నంబరు.
"అతుకుల బొంత" అన్నాను, నేర్చుకున్న గర్వంతో.

ఎనిడ్ జేబుల్లోంచి
చేతులు బయటికొచ్చాయి.

"సైన్యం వర్క్‌షాపులో ఎవడో కుర్రాడు
చేతికందిన ముల్లు బిగించాడు.
బయట లారీ హారన్ కొడుతోందేమో.
మోసగాడికి తీరిక ఎక్కువ, అన్నీ జత కుదురుస్తాడు."
చెంచాల ఆవిడ ధర చెప్పింది. కథేమీ చెప్పలేదు.
"డ్రాయర్లో ఉంది" అంది, అంతే.

"అసలుదేనా?" అడిగాను డబ్బులిచ్చాక.
"నూటికి ఎనభై. మూత విప్పితే తొంభై.
మిగతా పదీ నీ దగ్గరే ఉంచుకో, పనికొస్తుంది."

బయటికి వస్తూ వెనక్కి చూశాను.
డెస్మండ్ బల్ల ముందు ఒక కుర్రాడు వంగి ఉన్నాడు.
వాచీ అతని అరచేతిలో ఉంది.
డెస్మండ్ నోరు తెరిచాడు.

రేకుల మీద వాన.
ఏమన్నాడో వినబడలేదు.